ఒక మ-వత్తు విలువ: ఇటాలియన్ భాషలో సంభావనార్థక క్రియ



తెలుగును "ప్రాచ్య ఇటాలియన్" అని ప్రశంసించడం మనకు పరిపాటి. 15వ శతాబ్దిలో విజయనగరాన్ని దర్శించిన వెనిసు యాత్రికుడు నికోలో కోంటి పేరుతో ఆ ప్రశంసను ముడిపెట్టి సభలలో చెప్పుకొంటూ ఉంటాము. ఆ మాట మొదట ఎవరి నోట వెలువడిందన్న చర్చ ఎట్లా ఉన్నా, దానికి ఆధారం మాత్రం స్పష్టమే. రెండు భాషలలోనూ పదాలు చాలవరకు అచ్చులతో ముగుస్తాయి. అయితే ఈ ప్రశంసకు పొంగిపోయే మనలో, ఆ ఇటాలియన్ భాషలో ఒక్క వాక్యమైనా తప్పు లేకుండా కూర్చగలవారు ఎందరు? కొన్నేళ్ళ క్రితం వరకు నేనూ ఆ కోవలోని వాణ్ణే. ఒక చిన్న పొరపాటు నన్ను ఆ భాషా వ్యాకరణం దగ్గర కూర్చోబెట్టింది.

మన పామర్రు ప్రాంతపు విద్యార్థులు ఇద్దరికి ఇటలీలో ఉన్నత విద్యకు ప్రవేశం లభించింది. పాఠాలు ఇంగ్లీషులోనే అయినా, ఊరిలో బ్రతకడానికి ఆ ఊరి భాష కావాలి గదా. వారిద్దరూ పుస్తకాలు తెప్పించుకొని, నన్ను కూడా తోడు కూర్చోబెట్టుకొని ఇటాలియన్ అభ్యాసం ప్రారంభించారు. అక్కడ గది అద్దెకిచ్చే ఒక పెద్దావిడకు ఈమెయిల్ ఉత్తరం వ్రాశారు. "వీలైతే మేము సెప్టెంబరు ఒకటవ తేదీకి వద్దుము" అని చెప్పడం వారి ఉద్దేశం. వీసా ఇంకా రాలేదన్న సంగతి ముందటి ఉత్తరంలో ప్రస్తావించామన్న ధీమాతో, ఈసారి దానిని వదిలివేశారు. వ్రాసిన క్రియాపదం "వెర్రేమొ". ఆ ఉత్తరాన్ని పంపేముందు నేను కూడా చదివాను, బాగుందన్నాను.

ఆమె ఒక నెల రోజులు ఆ గదిని ఎవరికీ ఇవ్వకుండా అట్టే పెట్టింది. వీసాలు ఆలస్యమయ్యాయి. "మీరు వస్తామని మాట ఇచ్చారు. మీ మాట నమ్మి వేరే వారిని కాదన్నాను" అని ఆమె నుండి కటువైన జవాబు వచ్చింది. మేము నివ్వెరపోయి పుస్తకం తెరిచి చూస్తే తేలింది ఇది: "వెర్రేమొ" అంటే "మేము వస్తాము" అనే నిశ్చయ భవిష్యత్తు. వారు వ్రాయవలసింది "వెర్రెమ్మొ" - "మేము వద్దుము" అని. ఇటాలియన్‌లో వ్రాసేటప్పుడు ఈ రెంటికీ భేదం ఒక్క 'మ'కారమే. ఆ ఒక్క వత్తు లోపించడం వల్ల ఒక కోరిక వాగ్దానంగా మారిపోయింది. తెలుగు చెవికి "వెర్రేమో" అని వినిపించే ఆ మాట నా విషయంలో సార్థకమే అయింది! తప్పు పిల్లలది కాదు, చదివి కూడా పట్టుకోలేని నాదే. ఆ తప్పుకు ప్రాయశ్చిత్తంగా నేను నేర్చుకొన్న నాలుగు ముక్కలను మీ ముందు ఉంచడమే ఈ వ్యాసం ఉద్దేశం.

పేరు, స్వభావం

ఇటాలియన్‌లో ఈ క్రియారూపాన్ని "కొందిత్స్యొనాలె" అంటారు. ఇందులో వర్తమానానికి చెందినది "కొందిత్స్యొనాలె ప్రెజెంతె". మన సౌకర్యార్థం దీనికి 'సంభావనార్థకం' అని పేరు పెట్టుకొందాం. పేరులో షరతు అనే అర్థం ఉన్నందువల్ల చాలామంది ఒక పొరపాటు పడతారు. వాక్యంలో "అయితే", "ఉంటే" అనే భాగమే ఇదని అనుకొంటారు. కాదు. తెలుగు వ్యాకరణంలో చిన్నయసూరి 'చేదర్థకం' అని వ్యవహరించినది ఆ మొదటి భాగం: "చేసినన్", "చేసినచో", నేటి వాడుకలో "చేస్తే". ఇటాలియన్ సంభావనార్థకం ఆ షరతుకు ఫలితాన్ని చెప్పే రెండవ భాగం. "డబ్బుంటే ఇద్దును" అన్న వాక్యంలో "ఉంటే" చేదర్థకం. "ఇద్దును" అన్నది సంభావనార్థకానికి సమీప రూపం. మన వైయాకరణులు "చేయుదును", "ఇత్తును" వంటి రూపాలను తద్ధర్మార్థకాలన్నారు. ఆ రూపాలే మన కృష్ణా మండలపు నోళ్ళలో "చేద్దును", "ఇద్దును", "వద్దును", "చెబుదును" అని నేటికీ నిలిచి ఉన్నాయి. "నాకు తెలిస్తే చెప్పకపోదునా?" అని మన ఇళ్ళలో ఎవరు అనరు? ఇటాలియన్ అభ్యాసానికి ఇంతకన్నా మంచి పునాది అక్కరలేదు.

రూప నిష్పత్తి

ఇటాలియన్ ధాతువులు "ఆరె", "ఏరె", "ఈరె" అనే మూడు అంతాలతో ఉంటాయి. మొదటి తరగతికి "పర్లారె" (మాట్లాడుట) ఉదాహరణ. దీని సంభావనార్థక రూపాలు ఇవి:

నేను - పర్లెరెయి
నువ్వు - పర్లెరెస్తి
అతడు, ఆమె - పర్లెరెబ్బె
మేము, మనము - పర్లెరెమ్మొ
మీరు (అనేకులు) - పర్లెరెస్తె
వారు - పర్లెరెబ్బెరొ

ఆరు రూపాలూ అచ్చులతోనే ముగిశాయని గమనించండి. 'ఆరె' తరగతిలో ప్రత్యయానికి ముందున్న 'అ'కారం 'ఎ'కారంగా మారుతుంది: "పర్లారె" నుండి "పర్లెరెయి". రెండవ తరగతిలో "ప్రెందెరె" (తీసుకొనుట) "ప్రెందెరెయి" అవుతుంది. మూడవ తరగతిలో "దొర్మీరె" (నిద్రించుట) "దొర్మిరెయి" అవుతుంది. ఇక్కడ 'ఇ'కారం నిలుస్తుంది. "ఫినీరె" (ముగించుట) వంటి ధాతువులు వర్తమానంలో "ఫినిస్కొ" అని నడుమ ఒక 'స్క'ను చేర్చుకొంటాయి. సంభావనార్థకంలో ఆ చేర్పు ఉండదు: "ఫినిరెయి". ప్రత్యయాలు మాత్రం మూడు తరగతులకూ ఒకటే. ఒక్క ధాతువును కంఠస్థం చేస్తే వేయి ధాతువులకు దారి దొరికినట్లే.

ఈ ప్రత్యయాలు ఎక్కడ నుండి వచ్చాయి? "అవేరె" (కలిగియుండుట) అనే క్రియ భూతకాల రూపాలలో "ఎబ్బె" అంటే 'అతనికి ఉండెను', "ఎబ్బెరొ" అంటే 'వారికి ఉండెను'. "మాట్లాడవలసి ఉండెను" అన్నట్లుగా ధాతువు చివర ఈ క్రియ చేరి, కాలక్రమంలో అతుక్కుపోయి ప్రత్యయంగా మారింది. అదే "అవేరె" వర్తమాన రూపం చేరితే భవిష్యత్తు ఏర్పడింది. అందువల్లనే భవిష్యత్తుకూ సంభావనార్థకానికీ మొదలు ఒకటే, తోక మాత్రమే వేరు. మనకిది వింత కాదు. "వచ్చుచు" పక్కన "ఉన్నాను" చేరి "వచ్చుచున్నాను" అయి, అదే నేడు "వస్తున్నాను" అయింది గదా!

ఈ కవల పుట్టుకలోనే మా ఉత్తరాన్ని దెబ్బతీసిన ప్రమాదం కూడా దాగి ఉంది. 'మేము' రూపంలో భవిష్యత్తు "పర్లెరేమొ", సంభావనార్థకం "పర్లెరెమ్మొ". మొదటిదానిలో 'రే' దీర్ఘంగా పలుకుతుంది, 'మ' ఒంటరిది. రెండవదానిలో 'రె' హ్రస్వం, 'మ'కు ద్విత్వం. ఇంగ్లీషు మాత్రమే తెలిసినవారికి ఈ భేదం చెవికి ఆనడం కష్టం; ఆ భాషలో ఒక పదం లోపల ద్విత్వం వల్ల అర్థం మారదు. మనకు ఆ చిక్కు లేదు. తెలుగులో "కల" వేరు, "కల్ల" వేరు. "గడి" వేరు, "గడ్డి" వేరు. ఉర్దూలో "పతా" అంటే చిరునామా, "పత్తా" అంటే ఆకు. కనుక మన విద్యార్థి ఇటాలియన్ మాటను మొదట తెలుగు లిపిలో వ్రాసుకొని, బిగ్గరగా చదివి, ఆ తరువాత రోమన్ లిపిలోకి మార్చుకోవడం మేలు. మేమూ ఆనాడు ఆ పని చేసి ఉంటే "రేమొ", "రెమ్మొ"ల తేడా కంటికే కనబడేది.

కుదించుకొనే ధాతువులు

నిత్య వ్యవహారంలో ఎక్కువగా వాడే ధాతువులు అరిగి పొట్టివవుతాయి. మన "చేయుదును" "చేద్దును" అయినట్లే, ఇటాలియన్‌లోనూ జరిగింది. వీటిని మూడు గుంపులుగా జ్ఞాపకం పెట్టుకోవచ్చు.

మొదటి గుంపులో నడిమి అచ్చు లోపిస్తుంది. అవేరె (కలిగియుండుట) - అవ్రెయి. దొవేరె (చేయవలసియుండుట) - దొవ్రెయి. పొతేరె (చేయగలుగుట) - పొత్రెయి. సపేరె (తెలిసియుండుట) - సప్రెయి. వెదేరె (చూచుట) - వెద్రెయి. అందారె (వెళ్ళుట) - అంద్రెయి. వీవెరె (జీవించుట) - వివ్రెయి.

రెండవ గుంపులో అచ్చు లోపించిన తరువాత ముందున్న హల్లు కూడా రేఫలో కలిసిపోయి ద్విత్వ రేఫ ఏర్పడుతుంది. వొలేరె (కోరుట) - వొర్రెయి. వెనీరె (వచ్చుట) - వెర్రెయి. తెనేరె (పట్టుకొనుట) - తెర్రెయి. రిమనేరె (ఉండిపోవుట) - రిమర్రెయి. "బేరె" (త్రాగుట) అనేది కూడా "బెర్రెయి" అని ఈ వరుసలోనే చేరుతుంది.

మూడవ గుంపు చిన్నది. దారె (ఇచ్చుట) - దరెయి; ఫారె (చేయుట) - ఫరెయి; స్తారె (ఉండుట) - స్తరెయి. వీటిలో 'అ'కారం 'ఎ'కారంగా మారదు. ఇక "ఎస్సెరె" (అగుట, ఉండుట) అన్నిటికన్న భిన్నంగా "సరెయి, సరెస్తి, సరెబ్బె, సరెమ్మొ, సరెస్తె, సరెబ్బెరొ" అని నడుస్తుంది.

వర్ణక్రమంలో ఒక హెచ్చరిక. "చెర్కారె" (వెదకుట) "చెర్కెరెయి" అవుతుంది. తెలుగు లిపిలో ఇందులో చిక్కేమీ లేదు. రోమన్ లిపిలో మాత్రం 'సి' అక్షరం 'ఈ' 'ఐ' అక్షరాల ముందు 'చ'గా పలుకుతుంది కనుక, 'క' ఉచ్చారణ నిలుపుకోవడానికి నడుమ 'హెచ్' అక్షరం చేర్చాలి. "పగారె" (చెల్లించుట) "పగెరెయి" అయినప్పుడూ ఇంతే. "మంజారె" (తినుట) "మంజెరెయి" అయినప్పుడు మాత్రం అంతకు ముందున్న 'ఐ' అక్షరం అనవసరమై తొలగిపోతుంది.

మర్యాద ఎక్కడ ఉంటుంది?

సంభావనార్థకానికి మొదటి ప్రయోజనం మర్యాద. ఇటలీలో కాఫీ దుకాణంలోకి పోయి "వొల్యొ ఉన్ కఫ్ఫె" అంటే "నాకు కాఫీ కావాలి" అని అర్థమే; కాని అది గద్దింపులా వినిపిస్తుంది. "వొర్రెయి ఉన్ కఫ్ఫె" అనడం పద్ధతి. మాటకు మాట అర్థం చెప్పుకొంటే "నేను కాఫీ కోరుదును" అని. 'మీకు వీలైతే' అనే షరతు మాటలలో లేకపోయినా భావంలో ఉంటుంది. ఆ వినబడని షరతే మర్యాద.

మన విద్యార్థులు ఇక్కడ ఎందుకు తడబడతారో ఆలోచించాను. తెలుగులో మర్యాద క్రియ అర్థంలో కాక, దాని చుట్టూ ఉంటుంది. "కాఫీ ఇవ్వండి" అనడంలో విధ్యర్థకమే ఉన్నా, "అండి" చేరగానే మర్యాద వచ్చేసింది. "బాబాయిగారూ, కాస్త ఆ పుస్తకం ఇప్పిస్తారా?" అంటే వరుస, "గారు", "కాస్త", ప్రశ్న - ఈ నాలుగూ కలిసి మెత్తదనాన్ని తెచ్చాయి. ఉర్దూలో "దీజియే" మర్యాద. "దీజియేగా" అని భవిష్యత్తులోకి జరిపితే మరింత మర్యాద. ఇటాలియన్‌కు "అండి" లేదు. అందుకే అది సంభావనార్థకాన్ని ఆశ్రయిస్తుంది. మన పిల్లవాడు ఇంట్లో ఎంతో వినయంగా మాట్లాడేవాడే. "అండి"ని అనువదించే మాట దొరకక, మిగిలిన క్రియను మాత్రమే అనువదించి అక్కడివారికి మొరటువాడుగా కనబడతాడు. లోపం అతని సంస్కారంలో లేదు, క్రియా ప్రత్యయంలో ఉంది. ఇది తెలియక ఎందరు మంచి పిల్లలు అపార్థానికి గురవుతారో గదా!

ఎవరినైనా సాయం అడిగేటప్పుడు "మి పొత్రెబ్బె అయుతారె?" - "తమరు నాకు సాయం చేయగలరా?" అనాలి. ఇక్కడ మరొక మర్మం ఉంది. పెద్దలతో, పరిచయం లేనివారితో మాట్లాడేటప్పుడు ఇటాలియన్ ప్రథమ పురుష ఏకవచనాన్ని వాడుతుంది. ఆ సర్వనామం "లేయి". దానికి మరో అర్థం "ఆమె". పురుషుణ్ణి సంబోధించినా మాట అదే. కనుక ఆచార్యునితో "పొత్రెబ్బె" అనాలి. "పొత్రెస్తి" అంటే "నువ్వు చేయగలవా?" అన్నట్లు. "ఆప్"కూ "తుమ్"కూ, "మీరు"కూ "నువ్వు"కూ భేదం పాటించే మనకు ఇది ఒకసారి చెబితే చాలు.

కోరిక, సలహా, వదంతి

రెండవ ప్రయోజనం కోరిక. "మి ప్యాచెరెబ్బె వెదేరె రోమ" అంటే "రోమ్ నగరం చూడాలని నాకు ఉంది, చూస్తే బాగుండును" అని. మన "బాగుండును" అనే మాట సంభావనార్థకానికి చక్కని ప్రతిరూపం. కోరేవాడికి అది నెరవేరుతుందన్న ధీమా లేదు, నెరవేరదన్న నిరాశా లేదు.

మూడవది సలహా. "దొవ్రెస్తి స్తుద్యారె" - "నువ్వు చదువుకోవాలి సుమా" అని మెత్తగా చెప్పడం. "అల్ పోస్తొ తువొ, పర్తిరెయి" - "నీ స్థానంలో నేనుంటే బయలుదేరుదును". వర్తమానంలో "దేవి" అంటే "నువ్వు చేసి తీరాలి" అనే ఆజ్ఞ. "దొవ్రెస్తి" అంటే "చేస్తే మేలు" అనే హితవు. ఉపాధ్యాయులకు ఈ రెండూ అవసరమే అనుకోండి!

నాల్గవ ప్రయోజనం మనకు మిక్కిలి ఆసక్తికరమైనది. తాను స్వయంగా చూడని, నిర్ధారించని వార్తను చెప్పేటప్పుడు ఇటాలియన్ పత్రికలు సంభావనార్థకాన్ని వాడతాయి. "ఇల్ దిరెత్తోరె ఎ మలాతొ" అంటే "డైరెక్టరుగారికి జబ్బుగా ఉంది" - వ్రాసినవాడు బాధ్యత వహిస్తున్నాడు. "ఇల్ దిరెత్తోరె సరెబ్బె మలాతొ" అంటే "డైరెక్టరుగారికి జబ్బుగా ఉందట". మన "అట" ప్రత్యయం చేసే పనినే అక్కడ క్రియారూపం చేస్తున్నది. "వచ్చాడు", "వచ్చాడట" - ఈ రెంటికీ మధ్య ఎంత నైతిక భేదముందో మన పల్లెలో చదువురాని అవ్వకు కూడా తెలుసు. చేతిలోని ఫోను ద్వారా క్షణంలో ఊరంతా వ్యాపించే ఈనాటి వార్తలకు "అట" చేర్చడం మనం మరచిపోతున్నామేమో! ఇటాలియన్ విలేకరి పాటించే ఈ వ్యాకరణ నియమం మనకు నడవడి నియమంగా కూడా పనికివస్తుంది.

షరతు వాక్యం

ఇప్పుడు అసలు షరతు వాక్యానికి వద్దాం. మన డెల్టా రైతు మాటే తీసుకొందాం. "కాలువకు నీరు వస్తే వరి చల్లుతాము" అంటే నీరు వస్తుందన్న ఆశ ఉంది. "కాలువకు నీరు వస్తే వరి చల్లుదుము" అంటే నీరు వచ్చే జాడ లేదు, రైతు నిట్టూరుస్తున్నాడు. రెండు వాక్యాలలోనూ "వస్తే" మారలేదు. ఆశకూ నిట్టూర్పుకూ భేదం చివరి క్రియలోనే తెలిసింది.

ఇటాలియన్ రెండు భాగాలలోనూ తేడా చూపిస్తుంది. ఉత్తర ఇటలీలో పో నదీ మైదానం కూడా మన డెల్టా వలె కాలువల క్రింద వరి పండించే సీమ. 1866లో పూర్తయిన కవూర్ కాలువ అక్కడి వెర్చెల్లి, నొవార ప్రాంతాల పొలాలకు నీరందిస్తుంది. అంతకు 11 ఏళ్ళ ముందు, 1855లో, బెజవాడ దగ్గర మన కృష్ణ ఆనకట్ట పూర్తయింది. ఆ సీమ రైతు ఆశతో "సె అర్రీవ లక్క్వ, సెమినియామొ ఇల్ రీసొ" అంటాడు - "నీరు వస్తే వరి చల్లుతాము". నీటి జాడ లేనప్పుడు "సె అర్రివాస్సె లక్క్వ, సెమినెరెమ్మొ ఇల్ రీసొ" అంటాడు - "నీరు వస్తే వరి చల్లుదుము". షరతు భాగంలో "అర్రివాస్సె" అనేది మరొక రూపం. దానిని "కొంజ్యుంతీవొ ఇంపెర్ఫెత్తొ" అంటారు. సంభావనార్థకం ఫలిత భాగంలోనే వచ్చింది. సూత్రం ఇది: "సె" (అయితే) ఉన్న భాగంలో సంభావనార్థకం వాడకూడదు.

"నాకు తీరిక ఉంటే చదువుదును" - "సె అవెస్సి తెంపొ, లెజ్జెరెయి". ఇందులో "అవెస్సి" బదులు "అవ్రెయి" అనడం తప్పు. ఇటలీలోని బడిపిల్లలు కూడా ఈ తప్పు చేస్తారు, ఉపాధ్యాయులు దిద్దుతూ ఉంటారు. మన కళాశాలలో రెండు భాషల విద్యార్థులూ ఉన్నారు కనుక ఒక మాట చెప్పాలి. ఉర్దూలో "అగర్ వక్త్ హోతా తో పఢ్‌తా" అంటాము. రెండు భాగాలలోనూ ఒకే "తా" రూపం. ఉర్దూ వైయాకరణులు దానిని 'మాజీ తమన్నాయీ' అంటారు. ఉర్దూ మాతృభాషగా గలవారు ఆ అలవాటుతో ఇటాలియన్‌లోనూ రెండు వైపులా ఒకే రూపం పెట్టడానికి మొగ్గుతారు. వారు "ఉంటే - చదువుదును" అనే తెలుగు వాక్యాన్ని మనసులో ఉంచుకొంటే, రెండు భాగాలూ రెండు రూపాలని వెంటనే స్ఫురిస్తుంది. మరోవైపు తెలుగు విద్యార్థి "ఉంటే" అన్నదానికి ఏ మార్పూ అక్కరలేదనుకొంటాడు. అతడు ఉర్దూ మిత్రుని "హోతా"ను చూసి, అవాస్తవమైన షరతు తన క్రియలోనే ఆ సంగతి చెప్పుకోవచ్చునని గ్రహించాలి. ఒకరి భాషలో ఉన్న సదుపాయం మరొకరి లోపాన్ని పూరిస్తుంది. పక్క పక్క బల్లల మీద కూర్చొని రెండు భాషలు వినేవారికి ఇది దొరికిన వరం.

రెండు జాగ్రత్తలు

మొదటిది కాలం గురించి. తెలుగులో "వచ్చేవాణ్ణి" అనే రూపం రెండు పనులు చేస్తుంది. "చిన్నప్పుడు రోజూ కూచిపూడి నుండి నడిచి వచ్చేవాణ్ణి" అంటే అలవాటు. "పిలిస్తే వచ్చేవాణ్ణి" అంటే జరగని పని. ఇటాలియన్‌లో అలవాటుకు వేరే భూతరూపం ఉంది: "వెనీవొ". అలవాటును సంభావనార్థకంలో చెప్పరాదు. ఇంగ్లీషులో రెంటికీ ఒకే సహాయక క్రియ వాడే సంప్రదాయం ఉన్నందువల్ల, ఇంగ్లీషు ద్వారా ఇటాలియన్ నేర్చేవారు ఇక్కడ తరచు జారిపడతారు. "వస్తానని చెప్పాడు" వంటి వాక్యంలోనూ ఇదే చిక్కు. "అ దెత్తొ కె సరెబ్బె వెనూతొ" అని అక్కడ గత సంభావనార్థకం వాడాలి. వర్తమాన రూపం చెల్లదు.

రెండవది మరింత గంభీరమైనది. ఇంకా జరగడానికి వీలున్న దానికి వర్తమాన రూపం. ఇక ఎన్నటికీ మార్చలేని దానికి గత రూపం. 1977 నవంబరు 19న దివిసీమను ఉప్పెన ముంచింది. వేలాది ప్రాణాలు పోయాయి. ఆ సీమ మనిషి "ముందే తెలిసి ఉంటే వెళ్ళిపోయి ఉందుము" అంటే, ఇటాలియన్‌లో అది "సె అవెస్సిమొ సపూతొ, సరెమ్మొ పర్తీతి" అవుతుంది. ఆ వాక్యానికి జవాబు లేదు. కాని తుఫాను ఇంకా సముద్రంలోనే ఉండగా, కబురు అందని వాడు "తెలిస్తే వెళ్ళిపోదుము" అంటే "సె సపెస్సిమొ, పర్తిరెమ్మొ" - ఇది వర్తమాన సంభావనార్థకం. ఈ వాక్యానికి జవాబు ఉంది: తెలియజెప్పడమే. రెండు వాక్యాలకూ నడుమ ఉన్నది వ్యాకరణ భేదం మాత్రమే కాదు. వర్తమాన సంభావనార్థకంలో మాట్లాడే మనిషికి ఇంకా ఎవరో ఒకరు ఏదో ఒకటి చేయగలరు. ఈ క్రియారూపాన్ని నేర్చుకొన్నవారు ఈ సంగతి కూడా గ్రహిస్తే నా శ్రమ ఫలించినట్లే.

అభ్యాసం

ఈ క్రింది వాక్యాలను ఇటాలియన్‌లోకి మార్చి, జవాబులతో సరిచూసుకోండి.

1. "నాకు ఒక పుస్తకం కావాలండీ." - వొర్రెయి ఉన్ లీబ్రొ.
2. "మేము సంతోషంగా వద్దుము." - వెర్రెమ్మొ వొలెంత్యేరి.
3. "వారు ఏమి చేయుదురు?" - కె కోస ఫరెబ్బెరొ?
4. "నాకు తీరిక ఉంటే ఇటాలియన్ చదువుదును." - సె అవెస్సి తెంపొ, స్తుద్యెరెయి లితల్యానొ.
5. "అతడు రోమ్‌లో ఉన్నాడట." - సరెబ్బె అ రోమ.

రెండవ వాక్యంలో 'మ'కు వత్తు ఉన్నదో లేదో మరొకసారి చూసుకొమ్మని నా మనవి.

ఉపసంహారం

13వ శతాబ్ది చివర వెనిసు వర్తకుడు మార్కో పోలో మన తీరంలోని మోటుపల్లిని గురించి వ్రాశాడు. 19వ శతాబ్దిలో మచిలీపట్నంలో కొలువు చేసిన చార్లెస్ ఫిలిప్ బ్రౌను మన పండితుల దగ్గర కూర్చొని తెలుగు నేర్చి, 1840లో తెలుగు వ్యాకరణాన్ని అచ్చువేయించాడు. ఆనాడు మన తీరానికి వచ్చినవారు మన మాట నేర్చుకొన్నారు. ఈనాడు మన బిడ్డలు వారి దేశాలకు పోతున్నారు. పెరూజియా నగరంలో విదేశీయుల కోసమే 1925లో ఏర్పడిన విశ్వవిద్యాలయం ఒకటి ఇటాలియన్ బోధిస్తున్నది. అంత దూరం పోయిన తరువాత నేర్చుకొందామనుకోవడం కన్నా, పామర్రు కూడలిలో బస్సు ఎక్కే ముందే నాలుగు క్రియలు నేర్చుకొని పోవడం మంచిది. నావంటి అర్ధజ్ఞాని దిద్దిన ఉత్తరం కన్నా మంచి ఉత్తరం వ్రాసుకోగల శక్తి మీకు కలగాలి.

ఆ పిల్లలిద్దరూ పెద్దావిడకు క్షమాపణ వ్రాశారు. ఈసారి ప్రతి వత్తునూ మేము ముగ్గురమూ కలిసి సరిచూశాము. ఆమె తిరిగి జవాబిస్తూ, తప్పు ఎక్కడ జరిగిందో తనకు అర్థమైందని, తన గది అప్పటికే వేరొకరికి ఇచ్చివేసినా తెలిసినవారి ఇంట ఒకటి చూసిపెట్టానని తెలిపింది. ఒక వత్తు లోపించి పోగొట్టుకొన్న నమ్మకం, సరిగ్గా వ్రాసిన ఒక ఉత్తరంతో తిరిగి వచ్చింది.

చివరగా కళాశాల కమిటీ పెద్దలకు ఒక విన్నపం. మన గ్రంథాలయంలో ఉర్దూ, తెలుగు, ఇంగ్లీషు నిఘంటువుల పక్కన ఒక ఇటాలియన్ నిఘంటువుకు చోటు కల్పించవలసిందిగా కోరుతున్నాము. ఈ కోరికను నేర్చుకొన్న పద్ధతిలోనే విన్నవిస్తాను: "వొర్రెమ్మొ ఉన్ దిత్స్యొనార్యొ". అనగా, "తమకు వీలైతే, మాకొక నిఘంటువు కావాలండీ" అని. 'మ'కు వత్తు ఉన్నది, గమనించగలరు.